సముద్రంలో పోయిన చిన్నాయినకు పెత్తరమాస బియ్యం ఎప్పుడు ఇవ్వాలి?

మానేటిగడ్డ
2024 సెప్టెంబరు 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది హుజూరాబాద్ దగ్గరి పల్లె. ఇరవై ఏళ్లుగా హన్మకొండలో ఉంటున్నాము. ఒక ఇంటి విషయంలో పెద్దల సలహా కోరుతున్నాను. కొంచెం పొడుగుగా రాస్తున్నందుకు మన్నించాలి.

మా నాయిన తమ్ముడు, అంటే మా చిన్నాయిన, నౌకాదళంలో ఇంజిన్ గదిలో పని చేసేవాడు. 1971 యుద్ధంలో డిసెంబరు 9 రాత్రి మునిగిపోయిన ఐఎన్‌ఎస్ ఖుక్రీలో ఆయన కూడా ఉన్నాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు, పెళ్లి కాలేదు. తంతి వచ్చిన రోజు దానిని ఊరి బడిపంతులు చదివి, అందులో ఉన్న 'మిస్సింగ్' అనే మాటను మా బాపమ్మకు 'తప్పిపోయిండు' అని చెప్పాడు. ఆ మాటకు తరువాత వచ్చే మాట కూడా కాగితంలో ఉన్నది. మరణించినట్లు భావిస్తున్నామని స్పష్టంగా ఉన్నది. పంతులు దానిని చదవలేకపోయాడో, చదివినా చెప్పలేకపోయాడో, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

మా బాపమ్మ ఆ ఒక్క మాటనే పట్టుకున్నది. "తప్పిపోయినోడు దొరుకుతడు, జాతరల పోరగాండ్లు తప్పిపోయి దొరుకుతలేరా" అనేది. ఆ మరుసటి మేడారం జాతరకు బండి కట్టించుకొని పోయి, కొడుకు వస్తే ఆయన నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూకం వేస్తానని సమ్మక్కకు మొక్కుకొని వచ్చింది. దినాలు చేయనియ్యలేదు. పెద్దలలో కలపనియ్యలేదు. నెలనెలా వచ్చే పింఛనుకు వేలిముద్ర వేసి తీసుకునేది గానీ, దానిని యాభై ఏళ్ల పాటు 'పిలగాని జీతం' అనే పిలిచింది.

పోయిన ఏడాది ఆషాఢంలో, తొంభై మూడేళ్ల వయసులో బాపమ్మ కాలం చేసింది. ఏడాది మాసికాలు, సంవత్సరీకం ఈ మధ్యనే పూర్తి చేశాము. వచ్చే పెత్తరమాసకు, అంటే పెద్దలకు బియ్యం ఇచ్చే మహాలయ అమావాస్యకు, ఆమె పేరున బియ్యం ఇచ్చేటప్పుడు తన తమ్ముని పేరు కూడా చెప్పాలని మా నాయిన కోరిక. ఆమె బతికి ఉన్నన్నాళ్లు వద్దన్న పనిని ఆమె పోగానే చేయడం ఏం మర్యాద అని మా మేనత్త అంటున్నది. ఇద్దరికీ డెబ్బై దాటాయి, ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. అసలు శవం దొరకని మనిషికి బియ్యం ఇవ్వవచ్చునా, ఇస్తే ఏ రోజు ఇవ్వాలి? ఈ సంగతి తెలిసినవారు చెప్పగలరు.

జమ్మికుంట పత్తి
2024 సెప్టెంబరు 8, రాత్రి 10:25

అన్నా, ఇందులో ఆలోచించడానికి ఏమున్నది? యాభై మూడేళ్లయింది. ఆయన లేడని ప్రభుత్వం చెప్పింది, ఓడ మునిగిందని లోకమంతా చదివింది. మీ బాపమ్మ బాధ ఆమెతోనే పోయింది. నాయిన చెప్పినట్టు చేయండి.

సిరిసిల్ల మగ్గం
2024 సెప్టెంబరు 9, ఉదయం 6:50

జమ్మికుంట అన్నగారూ, బాధ మనిషితో పోయేదే అయితే ఈ ప్రశ్న ఇక్కడికి వచ్చేది కాదు.

మా ఇంట్లో ఇందుకు తలకిందులుగా జరిగింది. మా పెద్దమ్మ భర్త సైన్యంలో ఉండేవాడు. అదే యుద్ధంలో, అదే నెలలో ఆయన కనబడడం లేదని కబురు వచ్చింది. మూడో రోజు తిరగకముందే వాకిట్లో ఆడవాళ్లు కూడి ఆమె గాజులు పగలగొట్టారు. ఆమె వయసు పంతొమ్మిది. తరువాత రెండేళ్ల పాటు ఒక కార్యాలయంలో చనిపోయినట్టు కాగితం తెమ్మన్నారు, ఇంకో కార్యాలయంలో శవం చూసినవారి సాక్ష్యం తెమ్మన్నారు. ఊరు మూడు రోజుల్లో తేల్చేసిన సంగతిని కాగితాలు రెండేళ్లు తేల్చలేదు. మీ బాపమ్మకు కనీసం తన కాలాన్ని తాను నిర్ణయించుకునే వీలు దొరికింది. మీ మేనత్త మాటను తీసివేయవద్దని నా మనవి.

రిటైర్డ్ స్టోకర్
2024 సెప్టెంబరు 9, రాత్రి 8:15

నాది కాజీపేట. నేను ఇంజిన్ గది శాఖలోనే పనిచేసి రిటైర్ అయ్యాను. నేను చేరేనాటికి యుద్ధం ముగిసి చాలా కాలమైంది గానీ, ఖుక్రీ మాట తెలియని స్టోకర్ మాలో ఉండడు. ఆచారం సంగతి నాకు తెలియదు. ఓడ సంగతి చెప్పగలను, మీ నాయినగారికి చదివి వినిపించండి.

ఖుక్రీ బ్రిటన్‌లో తయారైన చిన్న ఫ్రిగేట్ రకం యుద్ధనౌక, మన నౌకాదళంలో 1958లో చేరింది. ఖుక్రీ, కిర్పాణ్, కుఠార్ అనే మూడు ఓడలు కలిసి బొంబాయి కేంద్రంగా ఉన్న 14వ ఫ్రిగేట్ దళం. జలాంతర్గాములను వేటాడడమే వాటి పని. సౌరాష్ట్ర తీరం వైపు పాకిస్తాన్ జలాంతర్గామి ఒకటి తిరుగుతున్నదని దాని రేడియో సంకేతాలను బట్టి తెలిసిన తరువాత ఈ దళాన్ని పంపించారు. కుఠార్ యంత్రాల ఇబ్బంది వల్ల వెళ్లలేదు, మిగిలిన రెండే వెళ్లాయి. ఆ జలాంతర్గామి పేరు హంగోర్. డిసెంబరు 9న రాత్రి తొమ్మిది కావడానికి కొద్ది నిమిషాల ముందు, డయ్యూకు దాదాపు నలభై నాటికల్ మైళ్ల దూరంలో, అది ముందు కిర్పాణ్ మీద ఒక టార్పెడో వదిలింది. అది పేలలేదు. రెండోది ఖుక్రీకి తగిలింది.

ఖుక్రీలో అప్పుడు సోనార్‌కు, అంటే నీళ్లలోని చప్పుడును బట్టి జలాంతర్గామిని పసిగట్టే యంత్రానికి, కొత్తగా అమర్చిన పరికరాన్ని పరీక్షిస్తున్నారు. నీళ్లలోని చప్పుడు బాగా వినబడాలంటే ఓడ మెల్లగా నడవాలి. మెల్లగా నడిచే ఓడను గురి పెట్టడం జలాంతర్గామికి సులువు. దీని మీద మా వాళ్లలో ఈనాటికీ వాదన నడుస్తూనే ఉంటుంది, ఆ జోలికి నేను పోను. పేలుడు తరువాత ఓడ కొద్ది నిమిషాలలోనే మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది పోయారు. ఆరుగురు అధికారులు, 61 మంది నావికులు బతికారు, వారిని మరునాడు ఐఎన్‌ఎస్ కచ్చల్ వచ్చి తీసుకున్నది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికునికి ఇచ్చి, ఓడను విడిచిపెట్టకుండా దానితోపాటే వెళ్లిపోయాడు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ఇంకొక మాట చెప్పాలా వద్దా అని రెండు సార్లు రాసి తుడిచేశాను. ఇంజిన్ గది నీటిమట్టానికి కింద ఉంటుంది. పైకి రావడానికి నిటారుగా ఉండే ఇనుప నిచ్చెన, దాని పైన బరువైన మూత. మామూలు రోజున దీపాలు వెలుగుతుండగా ఎక్కడానికే కొంతసేపు పడుతుంది. దీపాలు ఆరిపోయి, ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ నిచ్చెన ఎటువైపు ఉన్నదో కూడా తెలియదు. మీ చిన్నాయిన ఆ సమయంలో డ్యూటీలో ఉంటే ఎక్కువసేపు బాధపడి ఉండడు. వెతికే పని ఎవరూ మిగల్చలేదని, ఆయన ఎక్కడో ఒడ్డుకు చేరి దారి తెలియక తిరిగి ఉంటాడనే ఆలోచన మీ నాయినగారికి ఏ మూలనైనా ఉంటే దానిని తీసివేయవచ్చునని చెప్పడానికే ఇది రాశాను.

ధర్మపురి పంతులు
2024 సెప్టెంబరు 10, ఉదయం 11:05

మానేటిగడ్డ గారికి ఆశీస్సులు.

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. మొదటిది తిథి. 1971 డిసెంబరు 9 ఉదయం మార్గశిర బహుళ సప్తమి, రాత్రికి అష్టమి వచ్చింది. కాబట్టి ఆబ్దికం పెట్టదలిస్తే అష్టమి. శవం లేకపోయినా కాలం తెలిసినది కనుక తిథి విషయంలో అనుమానం లేదు. తిథి తెలియనివారికి అమావాస్య అని శాస్త్రం చెప్పింది, మీకు ఆ అవసరం రాలేదు.

రెండవది పక్షమాసంలో రోజు. ఆయుధం వల్ల మరణించినవారికి మహాలయ పక్షంలో చతుర్దశి నాడు చేయడం విధి. ఆ రోజు మామూలు మరణం పొందినవారికి చేయరు, అది వారి కోసమే ఉంచిన రోజు. ఈ ఏడాది అక్టోబరు 1న చతుర్దశి, 2న అమావాస్య. మీ బాపమ్మగారికి అమావాస్య నాడు, చిన్నాయినగారికి ముందురోజు బియ్యం ఇస్తే ఇద్దరినీ ఒకే వరుసలో చెప్పవలసిన పని ఉండదు. మీ మేనత్తగారి అభ్యంతరానికి కూడా ఇందులో కొంత సమాధానం ఉండవచ్చు.

మూడవది అసలైనది. దినకర్మలే జరగని మనిషికి నేరుగా పక్షం పెట్టరు. జాడ తెలియనివారి కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి, తరువాత 360 మోదుగు కాడలతో మనిషి ఆకారాన్ని కూర్చి, దానికి దహనం చేసి, దినాలు జరిపించే పద్ధతి ఉన్నది. దుర్మరణమైతే నారాయణ బలి కూడా చేస్తారు. మీ ఇంట్లో ఇవేవీ జరగలేదని రాశారు. మీ నాయినగారిని ఒకసారి స్పష్టంగా అడిగి చెప్పండి. ఏమీ జరగకపోతే కాళేశ్వరంలో చేయించుకోవచ్చు. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు అది. గుడిలో ఒకే పానవట్టం మీద యముడు, శివుడు రెండు లింగాలుగా ఉన్నారు. ఈ పని కోసం మన జిల్లాలవారు తరతరాలుగా అక్కడికే పోతున్నారు.

పాకాల గాలి
2024 సెప్టెంబరు 10, సాయంత్రం 4:30

నర్సంపేట నుంచి రాస్తున్నాను. మూడేళ్ల కిందట గుజరాత్ యాత్రకు పోయినప్పుడు సోమనాథ్ నుంచి డయ్యూకు కూడా పోయాము. అక్కడ సముద్రానికి ఎదురుగా ఒక గుట్ట మీద ఖుక్రీ స్మారకం ఉన్నది. గాజు గదిలో ఓడ నమూనా పెట్టారు. మా వాళ్లంతా ఫోటోలు దిగుతుంటే నేను ఊరికే చుట్టూ తిరిగాను. మన దగ్గరి మనిషి ఒకడు అందులో ఉన్నాడని తెలిసి ఉంటే కనీసం రెండు పూలు పెట్టి వచ్చేదాన్ని. ఖుక్రీ పేరుతోనే 1989లో వచ్చిన రెండో ఓడ 2021 డిసెంబరులో విశాఖపట్నంలో విరమించాక, దానిని కూడా ప్రదర్శన కోసం డయ్యూకే ఇచ్చారు.

ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో అమరుల పేర్లు ఒక్కొక్క రాతి ఇటుక మీద ఒక్కొక్కటి చెక్కారు. మీ చిన్నాయిన పేరు అక్కడ వెతకవచ్చు. నౌకాదళ నావికుల రికార్డులు ముంబయిలో మాన్‌ఖుర్ద్ చీతా క్యాంపులోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దరఖాస్తు ఎలా రాయాలో చెబుతారు.

సిరిసిల్ల మగ్గం
2024 సెప్టెంబరు 10, రాత్రి 9:10

స్టోకర్ గారి మాటలు చదివాక నాకు విశాఖపట్నం సముద్రం గుర్తుకు వచ్చింది. అక్కడ బీచ్ రోడ్డులో యుద్ధ విజయ స్మారకం ఉన్నది. ఖుక్రీకి ఆరు రోజుల ముందు, అదే యుద్ధంలో, ఆ తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 93 మందితో మునిగిపోయింది. దాని శకలాలు ఇప్పటికీ అక్కడి నీళ్లలోనే ఉన్నాయి. వాళ్ల ఊళ్లలో కూడా ఒక తంతి, దానిని చదివిపెట్టే ఒక పంతులు, వినే ఒక తల్లి ఉండే ఉంటారు. విషయం పక్కకు పోతున్నదని తెలుసు, అయినా రాయాలనిపించింది.

మానేటిగడ్డ
2024 సెప్టెంబరు 15, రాత్రి 10:50

ఆలస్యానికి క్షమించాలి. పంతులు గారు అడగమన్న ప్రశ్నను మా నాయినను అడిగాను. అది అడగడంతో ఇంట్లో నలభై ఏళ్లుగా మూసి ఉన్న తలుపు ఒకటి తెరుచుకున్నది.

దినాలు జరిగాయట. 1984లో, పన్నెండేళ్లు నిండిన తరువాత, మా నాయిన ఒక్కడే కాళేశ్వరం పోయి, పంతులు గారు రాసినట్టే మోదుగు కాడలతో తమ్ముని ఆకారం చేయించి, కాల్చి, గోదావరిలో కలిపి వచ్చాడు. అమ్మకు చెప్పలేదు, అక్కాచెల్లెండ్లకు చెప్పలేదు, మా అమ్మకు కూడా చెప్పలేదు. అయితే కర్మ చేసినవాడు గుండు చేయించుకోక తప్పదు. నున్నటి తలతో ఇంటికి వచ్చి, వేములవాడ రాజన్నకు తలనీలాలు ఇచ్చి వచ్చానని అబద్ధం ఆడాడు. బాపమ్మ ఆయన తల వైపు చాలాసేపు చూసి, "కోడెను కట్టినవా" అని అడిగిందట. గుడిలో కోడెను కట్టడం రాజన్నకు మొక్కు. కట్టానన్నాడు. దేవుని పేరున అబద్ధమాడిన దోషం ఉండకూడదని మరుసటి సోమవారమే నిజంగా వేములవాడ పోయి కోడెను కట్టి వచ్చాడు.

ఈ మాట చెబుతున్నప్పుడు మా మేనత్త కూడా ఫోనులో ఉన్నది. ఆమె కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత ఆమె చెప్పిన సంగతి అప్పటిదాకా మాకు ఎవరికీ తెలియదు.

చిన్నాయిన పంపిన మనియార్డర్ల కూపన్లు ఏడు మా ఇంట్లో ఉన్నాయి. పైకంతో పాటు నాలుగు మాటలు రాసుకోవడానికి ఫారం కింద చిన్న ముక్క ఉండేది, పోస్టుమ్యాన్ దానిని చింపి ఇచ్చేవాడు. ఆయన అక్షరాలు గుండ్రంగా, చీమల బారులాగా, ఆ ముక్క అంచుల దాకా ఉంటాయి. కొన్నింటిలో చోటు చాలక పక్కకు తిప్పి నిలువుగా రాశాడు. చివరి కూపన్‌లో అందరినీ అడిగి, సంక్రాంతికి సెలవు అడుగుతానని, సకినాలలో నువ్వులు ఎక్కువ వేయమని రాశాడు. బాపమ్మకు చదువు రాదు గనుక, నెలకు ఒకసారి మేనత్త చేత ఆ ఏడూ వరుసగా చదివించుకునేది. 1984లో గుండు చూసిన నాటి నుంచి మళ్లీ ఎప్పుడూ చదవమని అడగలేదని మేనత్త అంటున్నది. అంటే అమ్మకు తెలుసు, తెలిసీ ఊరుకున్నది అని ఆమె తాత్పర్యం.

మా నాయిన ఒప్పుకోవడం లేదు. "అదే ఏడు నిన్ను అత్తగారింటికి తోలినం, చదివేటోళ్లు లేక అడుగలేదు" అంటాడు. ఇద్దరూ మళ్లీ మాట్లాడుకుంటున్నారు, మాట్లాడుకుంటున్నది మాత్రం ఈ వాదనే.

రిటైర్డ్ స్టోకర్
2024 సెప్టెంబరు 15, రాత్రి 11:20

కోడె మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీ బాపమ్మకు తెలుసనే నేను అనుకుంటున్నాను. వేములవాడ ప్రసాదం ఏదని అడగని తల్లి ఉంటుందా? ఆమె కోడె గురించి మాత్రమే అడిగింది, అంతటితో ఆపింది.

జమ్మికుంట పత్తి
2024 సెప్టెంబరు 16, ఉదయం 7:30

మొన్న తొందరపడి రాశాను, మన్నించండి. మా అమ్మమ్మ తమ్ముడు కూడా రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మీద పోయి తిరిగి రాలేదని చిన్నప్పుడు విన్నాను. దానిని కథలాగానే వింటూ పెరిగాము. నిన్న ఇదంతా చదివి మా అమ్మను అడిగితే, ఆయన పేరు కూడా ఆమెకు తెలియదు. ఇటువంటివారి వివరాలు ఎక్కడైనా ఉంటాయా?

పాకాల గాలి
2024 సెప్టెంబరు 16, మధ్యాహ్నం 1:15

ఉంటాయి. సముద్రమే సమాధి అయిన నాటి భారత నావికులు, వర్తక నౌకల కూలీలు ఆరు వేలకు పైగా ఉన్నారు. వారి పేర్లతో ఒక పుస్తకం ముంబయిలో, ఇంకొకటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉంచారు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైటులో ఊరు, తండ్రి పేరుతో వెతకవచ్చు. మీకు ముందు పేరు దొరకాలి. మీ అమ్మమ్మగారి వైపు భూమి పట్టా కాగితాలలోనో, పాత పెళ్లి పత్రికలలోనో చూడండి.

ధర్మపురి పంతులు
2024 సెప్టెంబరు 16, సాయంత్రం 6:40

మానేటిగడ్డ గారూ, మీ నాయినగారు చేసినది పూర్తిగా శాస్త్రసమ్మతం. ఇక నారాయణ బలి గురించి ఆలోచించనక్కరలేదు. చతుర్దశి నాడు ఆయన పేరున స్వయంపాకం ఇవ్వండి. తల్లికి చెప్పకుండా చేశాననే సంకోచం ఆయనకు ఉంటే, అమావాస్య నాడు తల్లి పేరు చెప్పేటప్పుడు మనసులో చెప్పుకోమనండి. దానికి మంత్రం లేదు.

మానేటిగడ్డ
2024 అక్టోబరు 3, ఉదయం 8:05

నిన్న పెత్తరమాస అయిపోయింది. జరిగినది చెబుతాను.

మొన్న చతుర్దశి నాడు ఊరికి పోయి, మా అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, నెయ్యి, దక్షిణ పెట్టి ఇచ్చాము. సకినాలు కూడా పెట్టాలని మేనత్త పట్టుబట్టింది. ఇది సంక్రాంతి కాదు కదా అంటే వినలేదు. రాత్రంతా కూర్చొని, నువ్వులు ఎక్కువ వేసి, తానే చుట్టింది. అయ్యగారు పేరు చెప్పమన్నప్పుడు మా నాయిన నోటి నుంచి చిన్నప్పటి ముద్దుపేరు వచ్చింది. అసలు పేరు చెప్పమని ఆయన మళ్లీ అడిగితే, మా నాయినకు ఎంతసేపటికీ అందలేదు. ఇంట్లో ఆ పేరును ఎవరూ పలకకుండా యాభై మూడేళ్లు గడిచాయి. చివరకు నేను లోపలికి పోయి పింఛను పుస్తకం తెచ్చి, అందులో చూసి చదివాను.

నిన్న అమావాస్య, బాపమ్మ పేరున ఇచ్చాము. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ప్రతి ఏడూ ఆ రోజు బాపమ్మ బతుకమ్మను పేర్చేది గానీ, చెరువు దాకా వచ్చేది కాదు. నీళ్లలో వదిలేటప్పుడు చూడనని అనేది. నిన్న మేనత్త ఆ మాట గుర్తు చేసుకున్నది, మా ఆడపిల్లలకు అప్పటిదాకా తెలియదు. వాళ్లు ఆడి, వదిలి, మలీద ముద్దలు పంచుకొని వచ్చారు.

డిసెంబరులో డయ్యూ పోదామని అనుకుంటున్నాము. సికింద్రాబాద్ నుంచి రైలులో వేరావల్ వరకు, అక్కడి నుంచి కారులో. మా నాయినకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పాకాల గాలి గారూ, ఆ గుట్ట మీదికి కారు పోతుందా, నడవాలా, వీలైతే చెప్పండి. కూపన్లను వెంట తీసుకుపోతానని మేనత్త అంటున్నది. అసలువి ఇంట్లో ఉంచి జిరాక్సులు తీసుకుపోదామని మేము ఆమెను ఒప్పించే ప్రయత్నంలో ఉన్నాము.